అమ్మ తోమిన జర్మనీ తుపాకీ

కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలో మా పుట్టింటివాళ్లను ఇంటిపేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. తుపాకీవాళ్లు అనేవారు. నన్ను హైస్కూల్లో చేర్చిన రోజు హెడ్మాస్టరు గారు నా పేరు రాసుకుంటూ పక్కనున్న మేష్టారితో, "తుపాకీవాళ్ల పిల్లండీ, బెత్తం ఎత్తేముందు కాస్త ఆలోచించుకోండి" అని నవ్వారు. ఆ పేరు విని మాదేదో పౌరుషం గల వంశమని అనుకునేరు. మా నాన్న ఆ తుపాకీతో జన్మలో ఒక్క నక్కను కొట్టిన పాపాన పోలేదు. సాయంత్రం పూట చెరకుతోట గట్టు మీద నిలబడి ఆకాశంలోకి పేల్చేవాడు. నక్కలు ఆ పూటకి పారిపోయేవి, మర్నాడు చుట్టాలను కూడా వెంటబెట్టుకుని వచ్చేవి. అయినా మా ఊళ్లో తుపాకీ ఉన్న ఇల్లు మాదొక్కటే, అందులోనూ అది జర్మనీ తుపాకీ. జర్మనీ అన్న మాట మా ఇంట్లో ఎంత వాడుకంటే, చిన్నప్పుడు నేను అది బందరు అవతల ఎక్కడో ఉన్న ఊరనుకునేదాన్ని.

ఇన్నేళ్ల తర్వాత ఆ తుపాకీ మళ్లీ నా ఒళ్లో వచ్చి పడింది. అన్నయ్య కూతురు సుధ ఫోన్ చేసి, "అత్తా, నువ్వోసారి పటమట రావాలి. తుపాకీ తీసుకెళ్లిపోతారని తెలిసిన దగ్గర్నుంచి నాన్న మనిషి మనిషిలా లేడు" అంది. అన్నయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా చాలావరకు పోయింది. ఎంతో వెతుక్కుంటే ఒక్క మాట దొరుకుతుంది, అదీ ముద్దముద్దగా. వదిన పోయింది. పొలం ప్లాట్లయిపోయింది. పాత ఇల్లు పడగొట్టేసి దాని మీదుగా వెంచరువాళ్లు రోడ్డు వేసుకున్నారు. ఆ ఇంట్లోంచి పటమట ఫ్లాటుకి అన్నయ్యతో వచ్చిన వస్తువు ఆ తుపాకీ ఒక్కటే. దాన్ని మంచానికి ఎదురుగా బీరువాలో పెట్టించుకుని, రోజూ పొద్దున్నే తలుపు తీయించి ఒకసారి చూసుకునేవాడట. నాన్న తర్వాత లైసెన్సు తన పేరు మీదే ఉంది. ఇప్పుడు గడువు అయిపోయింది. తుపాకీ పట్టుకోలేని మనిషికి లైసెన్సు పొడిగించం అన్నారు ఆఫీసులో. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. కూతురి పేరు మీదకు మార్చుకోమన్నారు. "ఇంట్లో చిన్నపిల్లలున్నారత్తా, నా వల్ల కాదు" అంది సుధ. ఆ మాటలోనూ తప్పు పట్టడానికేం లేదు. ఎవరి మాటా తప్పు కానప్పుడు మనిషి ఎవరితో పోట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను వెళ్లి మంచం పక్కన కూర్చోగానే అన్నయ్య ఎడమచెయ్యి బీరువా వైపు చూపించి, "నాన్న" అన్నాడు. కాసేపు పెదాలు కదిపి కదిపి, "పోనివ్వకు" అన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగడు. పెట్టే చెయ్యే తప్ప అడిగే నోరు కాదు ఆయనది. ఆ ఒక్క మాటకి నా గుండె నీరైపోయింది. కాలేజీలో పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని, తుపాకుల గురించి నాకేం తెలుసు? అయినా సరే అన్నాను.

వన్ టౌన్‌లో తుపాకుల కొట్టు రహీం గారిది. నాన్న తూటాలు కొన్నది ఆయన తండ్రి దగ్గరే. ఇప్పుడా కొట్టులో తుపాకుల కంటే ఎయిర్‌గన్నులు, వాటికంటే స్కూలు ఆటల పోటీలకిచ్చే కప్పులు ఎక్కువ కనిపించాయి. నా గోడు విని ఆయన, "ఒక్కటే దారుందమ్మా. ఇది బాగా పాతకాలం సరుకని, ఫలానా దేశంలో ఫలానావాళ్లు ఫలానా కాలంలో చేశారని రుజువు చూపించగలిగితే, గొట్టాలు మూయించి, పేలకుండా చేసి, పురాతన వస్తువు కింద ఇంట్లో ఉంచుకోనిస్తారేమో. ఏమో అంటున్నానండీ, ఖాయమనటం లేదు. లేదంటే సరెండర్ చెయ్యాల్సిందే" అన్నారు.

"చేస్తే?"

"కొన్నాళ్లు మూల పడేస్తారు. తర్వాత మిషన్ మీద ముక్కలు కోసేస్తారు."

"చేసినవాళ్లెవరో తెలిసేదెలాగండీ?"

"దానికేం దిగులు పడకండి. జర్మనీ సరుకంటే ఒళ్లంతా రాతలే. రెండు గొట్టాల మధ్య పట్టీ మీద కంపెనీ పేరుంటది. గొట్టాల అడుగున, పరీక్ష చేసి నెగ్గిందని కొట్టిన ముద్రలుంటాయి. కిరీటం, కిరీటం కింద ఒక అక్షరం. అవి చదివితే దీని జాతకం మొత్తం చెప్పెయ్యొచ్చు."

ఆయన అంత ధీమాగా అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ కిరీటాన్ని నేను చూశాను. నా వేలితో తడిమాను కూడా.

మా ఇంట్లో నడిమి గదిలో, దూలానికి కొట్టిన కొక్కేలకు, నాన్న పాతపంచె చుట్టుకుని ఆ తుపాకీ వేలాడేది. ఆ గదిలో ఎప్పుడూ చుట్ట కంపు, పక్క వసారాలోంచి వచ్చే ఉడికిన ఉలవల వాసన, తుపాకీకి రాసిన నూనె వాసన కలిసి ఉండేవి. ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లు వచ్చిన పని ఏదైనా, భోజనాలయ్యాక నాన్న పంచె విప్పాల్సిందే. తుపాకీని మోకాలి మీద పెట్టుకుని మధ్యకి మడిచినట్టు విరిచి, గొట్టాలు ఊడదీసి, వాకిలి వెలుతురుకి పట్టి, "ఇదిగో చూడండి, కిరీటం. జర్మనీ రాజుగారి ముద్ర. రాజుగారు ఊఁ అంటేనే గాని అక్కడ తుపాకీ గడప దాటదు" అనేవాడు. వచ్చినాయన వంగి చూసి "అబ్బో" అనాలి. అనకపోతే నాన్న రెండోసారి చూపించేవాడు. బందరులో ఎవరో దొర బంగళా ఖాళీ చేసి వెళ్లిపోతుంటే ఎంత బేరమాడి కొన్నాడో ఆ కథ కూడా వినాలి. ఆ తర్వాత అన్నయ్య వంతు. హైస్కూలు ఇంగ్లీషు వచ్చినవాడు ఆ ఇంట్లో తనొక్కడే. గొట్టాల మీదున్న కంపెనీ పేరును, ఎక్కం అప్పజెప్పినట్టు, గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. పొడుగాటి పేరు, నోరు తిరగని పేరు. అన్నయ్య చదువుతున్నంతసేపూ నాన్న తుపాకీని చూసేవాడు కాదు, వచ్చినవాళ్ల మొహాలు చూసేవాడు. నేను ఆ పేరు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఒక్క ముక్క గుర్తు లేదు.

మా అమ్మ పేరు రాజ్యం. అమ్మకు జర్మనీ తెలియదు, రాజుగారు తెలియదు. ఆవిడకు ఇత్తడి తెలుసు, ఇనుము తెలుసు, మకిలి తెలుసు. ఆ మూడింటితోనే ఆవిడ జీవితం గడిచిపోయింది. ఖాళీ దొరికితే విరిగిన ఇటుక ముక్కలు రోట్లో వేసి దంచి, పాత చీరచెంగులో జల్లించి, ఆ మెత్తటి పొడిని మూతి విరిగిన కుండలో నింపి బావి గట్టున పెట్టుకునేది. ఇత్తడికి చింతపండు, ఇనుముకి కొబ్బరిపీచు, రెండింటికీ ఇటుక పొడి. మా ఇంట్లో తోమకుండా బతికి బయటపడిన వస్తువు లేదు. లాంతరు బుడ్లు, తలుపు గొళ్లేలు, ఎద్దుల మెడలో గంటలు, ఆఖరికి నాన్న చుట్టపెట్టె కూడా నెలకోసారి బావి దగ్గరకు వెళ్లాల్సిందే. దసరా వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. ఆయుధపూజకు నాగలి కర్రులు, కొడవళ్లు, గునపాలు, గొడ్డళ్లు అన్నీ బావి దగ్గర వరస కట్టేవి. నాన్న స్వయంగా తుపాకీ విప్పి, గొట్టాలు రెండు చేతుల్తో పట్టుకుని, పసిబిడ్డను అందించినట్టు అమ్మకు అందించేవాడు. అమ్మ పీట మీద కూర్చుని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, పైనా కిందా, మూలా మడతా, పీచుతో ఒక్కలాగే రుద్దేది. కడిగి, ఎండలో చాప మీద ఆరబెట్టి, నువ్వులనూనె పట్టించి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేసేసరికి అది ధగధగలాడేది. "రాజ్యం, మొహం చూసుకోవచ్చే ఇందులో" అనేవాడు నాన్న. ఏడాది మొత్తంలో అమ్మకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే అనుకుంటాను. ఆవిడ తల వంచుకుని ముసిముసిగా నవ్వుకునేది.

దసరాతో పోయినా బాగుండేది. ఎన్నికలు ప్రకటించారంటే తుపాకులున్నవాళ్లంతా పోలీసు స్టేషన్లో అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. తెచ్చుకున్న రోజు అమ్మ దాన్ని గడప తొక్కనిచ్చేది కాదు. "ఎవరెవరి తుపాకుల సరసన పడుందో. మనుషుల్ని చంపినవి కూడా ఉంటాయంట అక్కడ. ఆ మైలతో నట్టింట్లోకి ఎట్టా తెస్తారండీ?" అని నాన్న మీద విరుచుకుపడేది. ఇంకేముంది, పసుపు నీళ్లు, కొబ్బరిపీచు, ఇటుక పొడి. పంచాయతీకోసారి, అసెంబ్లీకోసారి, పార్లమెంటుకోసారి, మధ్యలో ఎవరైనా పోతే ఉపఎన్నికకోసారి. మన దేశంలో దేనికి లోటున్నా ఎన్నికలకు లోటు లేదు. ప్రతి ఎన్నికకూ మా తుపాకీకి తలంటు తప్పలేదు. అమ్మ తర్వాత వదిన అదే పీట మీద కూర్చుని, అత్తగారు చేసినట్టే చేసుకొచ్చింది.

ఇదంతా నాకు, తుపాకీ పట్టుకెళ్లి ఇచ్చాక రహీం గారి కొట్టులో, ఆయన భూతద్దం పెట్టుకుని గొట్టాల మీద వంగినప్పుడు గుర్తుకొచ్చింది. ఆయన చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "అమ్మా, దీన్ని ఎవరన్నా మిషన్ మీద గీకించారా?" అన్నారు. లేదన్నాను. గొట్టాల కిందున్న చెక్క మర విప్పేసరికి కాగితం మీద ఎర్రటి పొడి రాలింది. ఆయన వేళ్ల మధ్య నలిపి చూసి, "తుప్పు కాదిది" అన్నారు. అది ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? చెప్పాను. ఆయన నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. తల పట్టుకుని, "మీ అమ్మగారికి ఎంత ఓపికమ్మా" అన్నారు.

మిగిలినవి చూపించారు. అడుగున ఒక గుండ్రం, అందులో పన్నెండు అంకె, అది గొట్టం సైజట, ఏ దేశపు తుపాకీకైనా ఉండేదట. కిరీటంలో రెండు మొనలు. కింద అక్షరం ఉండాల్సిన చోట నున్నటి ఇనుము. నంబరులో ముందు అంకెలున్నాయి, వెనకవి లేవు. మధ్య పట్టీ మీద సూల్ అనే ఊరి పేరు లీలగా కనిపించింది, దానికి ముందు ఏదో మాట తాలూకు చివరి అక్షరాలు. "సూల్ అంటే మనకి బొమ్మలకి కొండపల్లి ఎట్టాగో, జర్మనీలో తుపాకులకి అట్టాగండీ. ఇంటింటా అదే పని" అన్నారు రహీం గారు. "ఈ అక్షరాలు కొడుకు అనే మాటవి. ఫలానా ఆయనా, కొడుకూ అని కంపెనీ పేరు. తండ్రి పేరు అరిగిపోయింది. కొడుకొక్కడే మిగిలాడు. ఆ ఊళ్లో తండ్రీకొడుకుల కంపెనీలు కోకొల్లలమ్మా, ఏదని చెప్పేది?"

అన్నయ్యకు ఆ పేరు తెలుసు. ఆ సంగతి తట్టగానే నేను రహీం గారిని కారెక్కించుకుని పటమట తీసుకొచ్చాను. ఆయన తన దగ్గరున్న ముద్రల పుస్తకం ఒకటి పట్టుకొచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, "అన్నగారూ, నేను పేర్లు చదువుతా, మీది రాగానే చెయ్యెత్తండి" అన్నారు. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. ఒక్కో పేరుకీ తల అడ్డంగా ఆడించాడు. మధ్యలో తనే చెప్పబోయి, పెదాలు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా ఊపిరి బిగపట్టాడు. బుస్ మని గాలి వచ్చింది గాని మాట రాలేదు. ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టాడు. "పోనీ నాన్నా, నెమ్మదిగా" అంది సుధ. రహీం గారు మళ్లీ మొదలుపెట్టారు. ఏదో పేరు దగ్గర అన్నయ్య తల నిలువుగా ఊపాడు. మా ముగ్గురికీ ఆశ పుట్టింది. తర్వాతి పేరుకి కూడా ఊపాడు. ఆ తర్వాతి దానికీ ఊపాడు. అలసిపోయి అన్నిటికీ అవునంటున్నాడని మాకు కాసేపటికి అర్థమైంది. రహీం గారు పుస్తకం మూసేశారు.

ఫొటోలు తీసి జర్మనీలో ఆయనకు తెలిసినవాళ్లెవరికో పంపారు. జవాబు మర్యాదగానే వచ్చింది. ఆ కిరీటం ముద్ర చాలా ఏళ్లపాటు వాడారట, దాన్నిబట్టి కాలం చెప్పడం కుదరదట. పేరు లేకుండా ఎవరి పనితనమో చెప్పలేమట. ఒకప్పుడు చాలా మంచి తుపాకీ అయి ఉంటుందట. ఆ ఆఖరి ముక్క నేను అన్నయ్యకు చెప్పలేదు.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఏ వస్తువును ఎవరు చేశారని అడిగినవాళ్లు లేరు. ఎవరింట్లో ఉంది, ఎలా చూసుకుంటున్నారు, అంతే. మెరిసే బిందె ఉన్న ఇల్లు మంచి ఇల్లు, మెరిసే తుపాకీ ఉన్న ఇల్లు గొప్ప ఇల్లు. అమ్మ తన చేతనైన గౌరవమంతా పీచు పట్టుకుని దానికిచ్చింది. ఇప్పుడు లోకం తిరగబడింది. ముద్ర ఉంటేనే వస్తువు, నంబరుంటేనే పొలం. మా చెరకుతోట కూడా నంబర్లయిపోయింది, నేను అటు వెళితే మా గట్టు ఎక్కడుందో గుర్తుపట్టలేను. ఏది బాగుందని నన్నడగొద్దు. నాకు కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియకుండా వస్తోంది. అమ్మ మీద మాత్రం రావటం లేదు.

సరెండర్ చెయ్యక తప్పదని తేలాక రహీం గారు గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పారు. "గుర్తులు చెరిపిన తుపాకీ అంటే చట్టంలో నేరమమ్మా. నంబరు సగమే ఉంది కదా, ఎవరు చెరిపారని తప్పకుండా అడుగుతారు. ఉన్నమాటే చెప్పండి, అమ్మగారు తోమారని. పోయినావిడ మీద కేసేముంటది?" సుధ కూడా, "నిజమే కదత్తా, నాయనమ్మేగా" అంది. నాకూ అదే సబబనిపించింది. మంచం మీద అన్నయ్య వింటున్నాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

స్టేషన్‌కి తనూ వస్తానని పట్టుబట్టాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లాం. ఎస్సై కుర్రవాడే, మర్యాదస్తుడు, మాకు కుర్చీలు వేయించాడు. తుపాకీ అటూ ఇటూ తిప్పి, "ఏ మేక్ అండీ ఇది?" అన్నాడు. జర్మనీ అన్నాను. "పేరేది మరి? నాటుదిలా ఉందే" అన్నాడు. అన్నయ్య కుర్చీలో కదిలాడు. నాన్న ఉంటే ఆ మాటకి ఏమయ్యేవాడో అనుకున్నాను. ఎస్సై లైసెన్సు చూసి, తుపాకీ చూసి, నొసలు ముడిచి, "నంబరు చెరిగిపోయిందే. ఎవరు చెరిపారు దీన్ని?" అన్నాడు.

"మా అమ్మండీ..." అని నేను మొదలుపెట్టానో లేదో, అన్నయ్య ఎడమచెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో ఇంకా అంత బలముందని నాకు తెలియదు.

"నేను" అన్నాడు.

"మీరా? ఎందుకండీ?"

అన్నయ్య మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. ఎస్సై ఓపిగ్గానే ఆగాడు. "పండక్కి" అన్నాడు చివరికి.

ఎస్సై అన్నయ్య ఒళ్లో చచ్చుబడి ఉన్న కుడిచేతిని చూశాడు, నన్ను చూశాడు. నా మణికట్టు ఇంకా అన్నయ్య పట్టులోనే ఉంది. "లైసెన్సు హోల్డరే చెరిపాడని రాయాల్సొస్తుందండీ. పైవాళ్లు కేసు పెట్టమంటే నేనేం చెయ్యలేను" అన్నాడు. అన్నయ్య తల ఊపాడు, ఈసారి అలసటతో కాదు. ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. ఒక కానిస్టేబులు తుపాకీని భుజాన వేసుకుని లోపలికి తీసుకెళ్లిపోయాడు.

కారులో నేను ఉండబట్టలేక, "ఎందుకలా చెప్పావన్నయ్యా? అమ్మ పోయి ఎన్నేళ్లయింది, ఆవిడనెవరేం చేస్తారు?" అన్నాను. అన్నయ్య నావైపు వింతగా చూశాడు. అంత చదువుకున్నదానివి, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూశాడు.

"అమ్మ" అన్నాడు. తర్వాత, "స్టేషన్లోనా?" అన్నాడు.

చెయ్యి పోయి, మాట పోయి, తుపాకీ పోయాక మా అన్నయ్యకు మిగిలింది మంచివాడన్న పేరొక్కటే. ఆ రోజు అది కూడా ఇచ్చేసి ఇంటికొచ్చాడు.